తాళాల మోత వినపడాలంటే

ప్రశ్న: నా మ్యూజిక్ ప్లేయర్‌లో పాటలు తలుపులు మూసిన గదిలోంచి వస్తున్నట్టుంటాయి. ట్రెబుల్ పూర్తిగా పెంచితే 'స', 'ష' అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు ఇయర్‌ఫోన్ జాలీ చూడండి. నాది ఇలాగే మూగబోతే వారం రోజులు ఈక్వలైజర్‌తో (లోతైన, సన్నని శబ్దాలను విడివిడిగా పెంచే, తగ్గించే సెట్టింగ్) కుస్తీ పట్టాను. తీరా చూస్తే ఎడమవైపు జాలీ నిండా గులిమి. పొడి బ్రష్‌తో మెల్లగా దులిపాక పాటలో తాళాల మోత తేటగా వినపడింది, ప్రాణం లేచొచ్చింది!

ఆ తర్వాత ఈక్వలైజర్‌లో 250 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించండి. గొంతు మీద కప్పిన దుప్పటి తీసినట్టుంటుంది. ఇంకా చాలకపోతే 10 కిలోహెర్ట్జ్‌ని 2 డెసిబెల్స్ పెంచండి. 'స' గుచ్చుకునేది ఎక్కువగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్యే, దాన్ని మాత్రం పెంచొద్దు. ప్రీయాంప్ (మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచే, తగ్గించే సెట్టింగ్) ఉంటే పెంచినంత మేర దాన్ని తగ్గించండి, లేదంటే పెద్ద శబ్దాలు పగిలినట్టు వస్తాయి.