రేకుపెట్టె జోలికి వెళ్ళేముందు

చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

అటక మీది నా రేకుపెట్టె దించావట. అందులోవన్నీ లామినేషన్ చేయించి గోడకి తగిలిస్తానంటున్నావని అమ్మ ఫోన్లో చెప్పింది. కాస్త ఆగరా నాయనా.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. 1969 జూలైలో, మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన మర్నాడు వచ్చిన పేపరు కటింగుని తర్వాతెప్పుడో షాపులో ఇచ్చి లామినేషన్ చేయించాను. న్యూస్‌పేపర్ కాయితంలోనే ఆమ్లం ఉంటుంది. పైన ప్లాస్టిక్ వేసినంత మాత్రాన అది ఊరుకోదు. ఇప్పుడది డికాషన్ రంగుకి వచ్చింది, బయటికి తీద్దామంటే చిరిగిపోతుంది. మిగతా కటింగులకి ముందు ఫోటోలు తీసి, విడిగా కవర్లో పెట్టు. వాటి పసుపు పక్క కాయితాలకీ అంటుకుంటుంది. చిరిగినచోట సెల్లోటేపు మాత్రం వద్దు.

1975లో మా మామయ్య రాసిన ఉత్తరం ఒకటుంది, దాని మీద ఆర్యభట ఉపగ్రహం 25 పైసల స్టాంపు. ఊడదీయకు. పోస్టాఫీసు ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడింది. ఆర్యభట బొమ్మ ఉన్న రెండు రూపాయల నోటు కూడా దొరుకుతుంది. మడతలు పోవాలని ఇస్త్రీ చేసేవు!

అసలైనది అడుగున ఉంది, నా లెక్కల నోటుబుక్కు. అట్ట ‘సోవియట్ భూమి’ పత్రిక పేజీది. అంత నున్నటి కాయితం మాకు ఇంకెక్కడ దొరికేది? అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మనిషి గగారిన్ హెల్మెట్‌లో నవ్వుతుంటాడు. (1961లో ఆయన హైదరాబాద్ వచ్చినప్పుడు చూశానని మా పెద్దన్నయ్య చెప్పేవాడు. నిజమో, గొప్పో.) ఆయన బుగ్గ మీద మా అమ్మ పెన్సిలుతో గీసిన పాల లెక్క ఉంటుంది. అయిదు గీతలు, ఆరోది కొట్టేసింది. ఆ రోజు పాలు విరిగాయి. రబ్బరు పెట్టి శుభ్రం చేసేవు, నా మీద ఒట్టు.

తుప్పు పట్టిన ఇనప ముక్కని పారెయ్యకు. 1979లో అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊళ్ళో జనం కోళ్ళు కోసుకు తినేశారు. అప్పుడు ఎనిమిదేళ్ళ మీ చిన్నతాత పొలంలో ఏరుకొచ్చాడు దాన్ని. స్కైలాబేమో హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. ‘నాగలి బోల్టు’ అని చీటీ రాసి కట్టు. కానీ చిన్నతాత వచ్చినప్పుడు ఆ చీటీ తీసెయ్. ఇప్పటికీ స్కైలాబే అంటాడు.

మీ తాతయ్య