ఆడిషన్‌లో కాదన్న ప్రతిసారీ ‘నేనే పనికిరానేమో’ అనిపిస్తుంటే

మీరు అడిగింది ఇది: రెండేళ్లుగా ఆడిషన్లు ఇస్తున్నారు. కాల్‌బ్యాక్ దాకా, అంటే నచ్చినవాళ్లను మళ్లీ పిలిచే రౌండు దాకా వెళ్తున్నారు, అక్కడ ఆగిపోతోంది. ‘నా నటన కాదు, నేనే వాళ్లకు నచ్చలేదు’ అనే ఆలోచన వదలట్లేదు. నటన మానేస్తే నేనెవరో కూడా తెలియట్లేదు, దీన్ని ఎలా తట్టుకోవాలి అని.

నేను పదకొండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. నాటకాలు, చిన్న పాత్రలు, కొంత డబ్బింగ్. పెద్ద పేరేమీ రాలేదు. కాబట్టి ఇవి ఒడ్డున కూర్చుని చెప్తున్న మాటలు కావు, ఇంకా ఈదుతున్న మనిషి మాటలే.

‘పర్సనల్‌గా తీసుకోవద్దు’ అని మీకు ఇప్పటికే చాలామంది చెప్పి ఉంటారు. ఆ మాట నాకెప్పుడూ పనికిరాలేదు. వడ్రంగి చేసిన కుర్చీ వద్దంటే ఆయన ఇంకో కుర్చీ చేస్తాడు. మన దగ్గర కుర్చీ వేరు, మనిషి వేరు అని ఉండదు. మొహం, గొంతు, నడక, ఎత్తు, వీటినే తీసుకెళ్లి వాళ్ల ముందు పెడతాం. వద్దంటే గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది?

2003లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. మనుషులకు మెదడు స్కాన్ చేస్తూ కంప్యూటర్‌లో ముగ్గురు బంతి విసురుకునే ఆట ఆడించారు. కాసేపయ్యాక మిగతా ఇద్దరూ బంతిని వాళ్లలో వాళ్లే విసురుకోవడం మొదలుపెడతారు. అలా పక్కన పెట్టినప్పుడు, ఒంటికి నొప్పి కలిగితే స్పందించే మెదడు భాగాల్లో ఒకటి స్పందించింది. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో పరిశోధనలో, అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరేనని ముందే చెప్పినా బాధ కలిగింది. ముక్కూ మొహం తెలియని ఆటలోనే అంత ఉంటే, వారాల తరబడి ఒక పాత్రను మనసులో పెట్టుకు తిరిగి, చివరి రౌండులో వద్దనిపించుకుంటే మీకు నిద్ర పట్టకపోవడంలో వింతేముంది? మీరు బలహీనులని అర్థం కాదు.

నా సంగతి చెప్తాను. ఒకసారి మంచి పాత్ర దొరికింది. నాలుగు రోజులు షూటింగ్ చేశాను, తెలిసిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. ఎడిటింగ్‌లో నా సీన్లన్నీ తీసేశారు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, స్నేహితులతో కలిసి తెర ముందు కూర్చున్నప్పుడే తెలిసింది. ఆ తర్వాత కొన్ని నెలలు ‘ఏం చేస్తున్నావ్?’ అని ఎవరడిగినా నోట మాట వచ్చేది కాదు. నటుణ్ని అని చెప్పడానికి ఎవరో అనుమతి ఇవ్వాలి, ఆ అనుమతి వెనక్కి తీసేసుకున్నారు అన్నట్టు ఉండేది.

నా ఆలోచన మారింది బల్లకు అవతలి వైపు కూర్చున్నాకే. పాత్రలకు నటుల్ని వెతికే ఒక క్యాస్టింగ్ డైరెక్టర్ నన్ను రెండు రోజులు రీడర్‌గా రమ్మన్నారు. ఆడిషన్‌కి వచ్చినవాళ్లకు ఎదురుగా కూర్చుని అవతలి పాత్ర మాటలు చదివి అందించడమే పని. సీన్ అక్కాతమ్ముళ్లది, ఇల్లు అమ్మే గొడవ. ‘నువ్వు సంతకం పెట్టేశావా?’ అన్న ఒక్క మాటనే రెండు రోజుల్లో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం ఒకతను వచ్చాడు. నేను ఆ మాట అనగానే అతను వెంటనే జవాబివ్వలేదు. చొక్కా జేబులో పెన్ను ఉందో లేదో ఒకసారి తడుముకున్నాడు. అప్పుడు ‘పెట్టాను’ అన్నాడు. నా చేతిలో కాగితం ఉంది, తర్వాతి లైను మాత్రం కనిపించలేదు. అంతగా లీనమైపోయాను. గదిలో ఎవరూ కదల్లేదు. ఇక వెతకడం అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం ఫొటోలన్నీ బల్ల మీద పరిచారు. అక్క పాత్రకు అప్పటికే ఒకరు ఖాయమయ్యారు. ఆవిడ ఫొటో పక్కన ఇతని ఫొటో పెడితే, ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు. డైరెక్టర్ చాలాసేపు చూసి, ‘చాలా బాగా చేశాడు. కానీ తమ్ముడిలా లేడు’ అన్నారు. ఫొటో పక్కకు వెళ్లిపోయింది.

అతనికి చేరింది మాత్రం ఆ మాట కాదు, మౌనం. ఇంటికెళ్లి ఆ పెన్ను తడుముకోవడమే తప్పైందేమో అని తలపట్టుకుని ఉంటాడు. గదిలో జరిగింది బయట చెప్పకూడదు కాబట్టి నేనూ ఊరుకున్నాను. ఈ రోజుకీ అది నన్ను బాధపెడుతుంది. మీకు ఇంత వివరంగా రాస్తున్నదీ అందుకే. మీ ఫొటో పక్కకు వెళ్లిన రోజున మీ గురించి ఏమన్నారో మీకు తెలియదు. తెలియని చోట మనం చెడ్డ మాటలే రాసేసుకుంటాం.

ఎత్తు కుదరలేదు, డేట్లు కలవలేదు, స్క్రిప్టు మార్చి ఆ పాత్రనే తీసేశారు, ఇవి రోజూ జరిగేవే. నచ్చినవాళ్లను ఏరుకోవడం ఒక్కటే అయితే పని ఎప్పుడో తెమిలిపోయేది. మనుషుల్ని ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి చూడాలి, అదీ కష్టం. ఆస్కార్ అకాడమీ క్యాస్టింగ్‌కు విడిగా అవార్డు పెడుతున్నట్టు 2024లో గానీ ప్రకటించలేదు. ఆ పనిలో ఎంత లెక్క ఉంటుందో బయటివాళ్లకు ఇన్నేళ్లూ కనపడలేదు మరి.

అన్నీ ఇలాంటివేనని చెప్పి మిమ్మల్ని జోకొట్టను. ఆ రెండు రోజుల్లోనే ఇంకోటి కూడా చూశాను: వచ్చినవాళ్లలో చాలామంది నా మాట వినట్లేదు, తమ లైను ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. అది దిద్దుకోగలిగిన లోపం. మొదటి రౌండే దాటకపోతుంటే మీ ఆడిషన్ వీడియోను నమ్మకమైన గురువుకు చూపించమనేవాణ్ని, ఎవరైనా అదే చెప్తారు. మీరు కాల్‌బ్యాక్ దాకా వెళ్తున్నారు. అంటే నటన వాళ్లకు నచ్చింది, ఆగుతున్నది కుదరడం దగ్గర.

కాదనడంలో మూడో రకం ఒకటుంది. రంగు గురించి, ఒళ్లు గురించి, యాస గురించి మొహం మీదే అనేవాళ్లు. నాతో ఒకరు ‘ఈ ముక్కుతో కెమెరా ముందు కష్టం’ అన్నారు. ఏడాది పాటు ఫోన్‌లో పక్క నుంచి ఫొటోలు తీసుకుని చూసుకున్నాను. దాన్ని ఫీడ్‌బ్యాక్ అనుకోవడమే నేను చేసిన తప్పు. నటన గురించి ఒక్క ముక్క లేనిది సలహా ఎలా అవుతుంది? ఇక డబ్బు కట్టమన్నా, ఒంటరిగా ఎక్కడికో రమ్మన్నా అది ఆడిషనే కాదు, లేచి వచ్చేయండి.

అమెరికన్ నటుడు బ్రయన్ క్రాన్‌స్టన్ ఒక సంగతి చాలాసార్లు చెప్పారు: ఆడిషన్‌కి ఉద్యోగం కోసం వెళ్లడం మానేసి, ఆ పాత్రను చేసి చూపించి వచ్చేయడానికే వెళ్లడం మొదలుపెట్టాక తన భయం పోయిందని. నాకు అది మాటగా అర్థమైంది, ఒంటికి పట్టడానికి మాత్రం ఒక అలవాటు కావాల్సి వచ్చింది. బయటికి రాగానే నోటు పుస్తకంలో రెండే వాక్యాలు రాస్తాను. ఈ రోజు ఏం చేసి చూపించాను, మళ్లీ చేస్తే ఏం మారుస్తాను. తర్వాత సీన్ కాగితాలు చింపేస్తాను. చివరి రౌండులో పోయిందని తెలిస్తే ఆ ఒక్క సాయంత్రం ఏడుస్తాను, ఒక ఫ్రెండ్ ఉంది, తనకు ఫోన్ చేస్తాను. తను సలహా ఇవ్వదు, వింటుంది. వారాల తరబడి నిద్ర, తిండి దెబ్బతింటే మాత్రం కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. నేను వెళ్లాను, ఆలస్యంగా వెళ్లాను.

‘నటన మానేస్తే నేనెవరు’ అన్నారు కదా. నాకు ఆ ప్రశ్న ఆలోచించి తేల్చుకోవడం వల్ల తీరలేదు. చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసేవాళ్లు కావాలని తెలిసి వెళ్లాను. ప్రతి శనివారం రెండు గంటలు. అక్కడ కావాల్సింది అదే గొంతు, అదే ఊపిరి, పదాన్ని ఎక్కడ విరవాలో అదే లెక్క. మొహం ఎవరూ చూడరు. ఆరు నెలలయ్యాక ఒక అమ్మాయి వచ్చి, ‘లెక్కల పుస్తకం చదివింది మీరేనా? మీరు ప్రశ్న మధ్యలో ఆగుతారు, నేను ఆలోచించుకునేంతసేపు’ అంది. ఆ ఆగడం నేను నాటకాల్లో నేర్చుకున్నది.

పోయిన నెల నాకూ ఒక కాల్‌బ్యాక్ పోయింది. బాగా ఇష్టపడిన పాత్ర, శుక్రవారం ఫోనొచ్చింది. మర్నాడు వెళ్లి రసాయన శాస్త్రం నాలుగో పాఠం చదివాను. మొదటి పేజీలో గొంతు వణికింది, ఆపి మళ్లీ మొదటి నుంచి చదివాను.