ఆచార్యానియా, ఆచార్యురాలా? చేసిందా, చేశారా?

సందేహం: నేను డిగ్రీ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. మా కళాశాల పత్రిక కోసం రష్యన్ గణితవేత్త సోఫియా కొవలెవ్‌స్కయా మీద ఒక వ్యాసం రాశాను. అందులోని మూడు వాక్యాలివి: "1870లో సోఫియా బెర్లిన్ వెళ్లింది. వయర్‌స్ట్రాస్ ఆమెకు నాలుగేళ్లు పాఠాలు చెప్పారు. 1884లో ఆమె స్టాక్‌హోమ్‌లో ఆచార్యానిగా చేరింది." ఇందులో 'ఆచార్యాని' తప్పని ఒక సహోద్యోగి అన్నారు. భర్త ఇంటిపేరు కొవలెవ్‌స్కీ అయితే భార్యది కొవలెవ్‌స్కయా ఎలా అవుతుంది, అచ్చుతప్పు కాదా అని ఇంకొకరు అడిగారు. దయచేసి వివరించగలరు.

సమాధానం: 'ఆచార్యాని' విషయంలో మీ సహోద్యోగి మాటే సరైనది. సంస్కృతంలో తానే పాఠం చెప్పే స్త్రీ ఆచార్యా. ఆచార్యుడి భార్య ఆచార్యానీ. చివర 'ని' ఉంది కదా, స్త్రీలింగమే అయి ఉంటుందనుకుని చాలామంది ఈ రెండో మాటను మొదటి అర్థంలో వాడేస్తున్నారు. సోఫియా విషయంలో ఈ పొరపాటును దిద్దకుండా వదిలేయకూడదు. ఆమె భర్త వ్లదీమిర్ 1883 వసంతంలో ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది చివర, స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ చొరవతో ఆమె స్టాక్‌హోమ్ చేరారు. మొదట్లో అక్కడి ఉన్నత విద్యాసంస్థ నుంచి జీతం లేకుండానే, జర్మన్ భాషలో పాఠాలు చెప్పారు. తర్వాత స్వీడిష్ నేర్చుకుని అందులో చెప్పారు. ఒకరి భార్యగా వచ్చిన హోదా కాదది. అలాంటి వ్యక్తిని 'ఆచార్యాని' అంటే అసలు విషయమే తలకిందులైపోతుంది.

మరి ఏమనాలి? తెలుగుకు తన దారి ఉంది. తత్సమ పదం మీద 'ఆలు' చేరితే రుగాగమం, అంటే నడుమ 'ర్', వస్తుందని మనం బడిలోనే చదువుకున్నాం. ధీరురాలు, గుణవంతురాలు ఎలా వచ్చాయో ఆచార్యురాలు కూడా అలాగే వచ్చింది. నిస్సందేహంగా వాడండి. పేరుకు ముందు పెట్టేటప్పుడు 'ఆచార్య' చాలు. మన విశ్వవిద్యాలయాల్లో ఆడవారికీ మగవారికీ ఆ మాటే వాడుతున్నారు. 'ప్రొఫెసర్' అన్నా నాకు అభ్యంతరం లేదు, అది ఎప్పుడో మనదైపోయింది. అయితే 'చేరింది' అన్న మాట దగ్గర ఒక చిన్న సవరణ అవసరం. ఆమె వచ్చింది 1883లో. 1884లో అయిదేళ్ల గడువుతో ప్రొఫెసర్ పదవి ఇచ్చారు, అది శాశ్వతమైంది 1889లో. కాబట్టి '1884లో ఆచార్యురాలిగా నియమితులయ్యారు' అంటే తేదీకీ మాటకూ పొంతన కుదురుతుంది.

'గణితవేత్త' అని మీరు రాసింది బాగుంది. సంస్కృతం ప్రకారం వేత్తకు స్త్రీలింగం 'వేత్త్రి'. రచయిత, రచయిత్రి జంటలాంటిదే ఇదీ. కానీ రచయిత్రి మన నోట్లో నిలిచింది, వేత్త్రి నిలవలేదు. పలకడానికే కష్టమైన మాటను పట్టుకుని తెచ్చి ఎవరి మీదా రుద్దనక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగని విషయానికి వస్తాను. మీ మూడు వాక్యాల్లో నన్ను ఎక్కువగా ఆపింది ఇదే. సోఫియా 'వెళ్లింది', వయర్‌స్ట్రాస్ 'చెప్పారు'. గురువుకు 'రు', శిష్యురాలికి 'ది'. మీరు కావాలని చేయలేదని నాకు తెలుసు. మన పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఇదే కనిపిస్తుంది, చేయి అలవాటుగా అటే పోతుంది.

'వెళ్లింది' వ్యాకరణరీత్యా తప్పు కాదు. తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ, పశుపక్ష్యాదులకూ, వస్తువులకూ క్రియ ఒక్కటే: ఆమె వచ్చింది, బండి వచ్చింది. బహువచనంలో మాత్రం స్త్రీలు పురుషులతో కలుస్తారు: వాళ్లు వచ్చారు, బండ్లు వచ్చాయి. 'అమ్మ వచ్చింది' అన్నప్పుడు అందులో అగౌరవం ఏమీ లేదు, ఉన్నదంతా చనువే. తప్పు ఎక్కడ వస్తుందంటే, ఒకే పేరాలో, ఒకే స్థాయి మనుషుల మధ్య కొలత మారినప్పుడు. 'వయర్‌స్ట్రాస్ చెప్పాడు, సోఫియా విన్నది' అని రాస్తారా, అది ఒక పద్ధతి. చరిత్ర పుస్తకాల్లో అలా రాసేవారున్నారు, నాకు అదీ సమ్మతమే. 'వయర్‌స్ట్రాస్ చెప్పారు, సోఫియా విన్నారు' అంటారా, అదింకా మేలు. కలగలుపు మాత్రం వద్దు. 'ఆమె' ఏకవచనం కదా, 'ఆమె వెళ్లారు' ఎలా కుదురుతుందని కొందరు అడుగుతుంటారు. 'ఆయన వెళ్లారు' ఎలా కుదిరిందో అలాగే.

చిన్నతనం సంగతి వేరు. సోఫియా 1850 జనవరి 15న మాస్కోలో పుట్టింది. తండ్రి సైన్యంలో జనరల్. పల్లెలోని వాళ్ల పెద్ద ఇంట్లో గోడలకు అతికించే కాగితం చాలక, పిల్లల గదిలో ఒక గోడకు గణితవేత్త ఆస్త్రోగ్రాద్‌స్కీ చెప్పిన కలనగణితం పాఠాల కాగితాలు అతికించారు. ఆ పిల్ల గంటల తరబడి ఆ గోడ ముందు నిలబడి, ఏ కాగితం తర్వాత ఏది రావాలో పోల్చుకునేది. ఇక్కడ 'నిలబడ్డారు, పోల్చుకున్నారు' అంటే కృతకంగా ఉంటుంది. మగపిల్లవాడి గురించైనా 'పోల్చుకునేవాడు' అనే రాస్తాం. మరి ఎక్కడ మారాలి? నేనైతే 1868 దగ్గర మారుస్తాను. ఆ కాలంలో రష్యాలో ఆడపిల్ల విదేశం వెళ్లాలంటే తండ్రి అనుమతో భర్త అనుమతో కావాలి. చదువుకోసం ఆమె వ్లదీమిర్ కొవలెవ్‌స్కీని పేరుకు మాత్రం పెళ్లాడి, మరుసటి ఏడాది హైడెల్‌బర్గ్ వెళ్లారు. ఆ నిర్ణయం తీసుకున్న మనిషి ఇక చిన్నపిల్ల కాదు.

బెర్లిన్ విశ్వవిద్యాలయం ఆడవారిని తరగతిలో కూర్చోనివ్వలేదు. అందుకే అక్కడి ప్రొఫెసర్ వయర్‌స్ట్రాస్ ఆదివారం మధ్యాహ్నాలు తన ఇంట్లో, వారానికి ఇంకోసారి ఆమె బసకు వెళ్లి విడిగా చెప్పారు. మీ వాక్యంలో 'పాఠాలు చెప్పారు' బదులు 'విడిగా పాఠాలు చెప్పారు' అని రాయండి. ఆ ఒక్క మాట చేరిస్తేనే పాఠకులకు అసలు సంగతి తెలుస్తుంది. 1874లో గోటింగెన్ విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేట్ ఇచ్చింది. సమర్పించినవి మూడు పరిశోధన పత్రాలు: పాక్షిక అవకలన సమీకరణాల మీద ఒకటి, శని వలయాల మీద ఒకటి, ఆబెల్ సమాకలనుల మీద ఒకటి. చాలామంది ఆమెను 'ప్రపంచంలో తొలి మహిళా గణితవేత్త' అని రాసేస్తుంటారు. అది సరికాదు, అంతకు ముందే హైపేషియా, సోఫీ జెర్మెయిన్ ఉన్నారు. 'ఆధునిక యూరప్‌లో గణితంలో డాక్టరేట్ పొందిన తొలి మహిళ' అనండి.

'రు' క్రియకు ఇంకో గుణం ఉంది. 1888లో ఫ్రెంచి సైన్సుల అకాడమీ బోర్డిన్ బహుమతి పోటీకి సోఫియా ఒక వ్యాసం పంపారు. వ్యాసం మీద పేరు ఉండకూడదు, ఒక సూక్తి మాత్రం రాయాలి. పేరు వేరే కవరులో సీలు వేసి ఇవ్వాలి. నిర్ణేతలు వ్యాసాన్ని మెచ్చుకుని, 3,000 ఫ్రాంకుల బహుమతిని 5,000కు పెంచారు. ఆ నిర్ణయాన్ని తెలుగులో చెప్పాల్సివస్తే 'వ్యాసకర్త నిరూపించారు' అంటాం. వ్యాసకర్త ఆడో మగో ఆ వాక్యం బయటపెట్టదు. 'నిరూపించాడు' అన్నామంటే కవరు విప్పకముందే నిర్ణయించేసినట్టు. రాసింది ఎవరో తెలియనప్పుడల్లా, విద్యార్థుల జవాబు పత్రాల గురించి మాట్లాడేటప్పుడు కూడా, ఇదే వాడమని మా పిల్లలకు చెబుతుంటాను.

ఇక ఇంటిపేరు. అది అచ్చుతప్పు కాదు. మన ఇంటిపేరు అన్నకూ చెల్లికీ ఒక్కటే, రష్యన్‌లో అది లింగాన్ని బట్టి మారుతుంది. తండ్రి తెరిష్కోవ్ అయితే అంతరిక్షంలోకి వెళ్లిన కూతురు తెరిష్కోవా. కొవలెవ్‌స్కీ, కొవలెవ్‌స్కయా కూడా అంతే. ఫ్రెంచి, జర్మన్ పత్రికల్లో ఆమె తన పేరును 'కొవలెవ్‌స్కీ' అనే రూపంలోనే అచ్చువేయించుకున్నారు. కాబట్టి మీ గణిత గ్రంథాల్లో 'కోషీ–కొవలెవ్‌స్కీ సిద్ధాంతం' అని కనిపిస్తే కంగారు పడకండి. తెలుగులో మాత్రం 'కొవలెవ్‌స్కయా' అనే రాయండి. వ్లదీమిర్ కూడా పేరున్న శాస్త్రవేత్తే, గుర్రం జాతి శిలాజాల మీద ఆయన చేసిన పని నేటికీ గుర్తుంది. ఇద్దరికీ ఒకే రూపం వాడితే ఎవరి పని ఎవరిదో తెలియదు. బోర్డిన్ బహుమతి తెచ్చిన పరిశోధన తిరిగే ఘనవస్తువు గురించి. ఆయిలర్, లాగ్రాంజ్ చెరో సందర్భాన్ని సాధించగా, ఆమె మూడోది సాధించారు. దాన్ని 'కొవలెవ్‌స్కయా బొంగరం' అంటారు. ఆ పేరు అలాగే ఉండాలి.

1889లో రష్యా అకాడమీ నియమం మార్చి మరీ ఆమెను కరస్పాండింగ్ సభ్యురాలిగా ఎన్నుకుంది. దీన్ని తెలుగులో 'అకాడమీలో పదవి' అని రాయకండి, అది గౌరవ సభ్యత్వం లాంటిదే. సొంత దేశంలో ఆమెకు విశ్వవిద్యాలయ ఉద్యోగం దొరకనే లేదు. 1891 ఫిబ్రవరి 10న, 41 ఏళ్ల వయసులో, స్టాక్‌హోమ్‌లోనే మరణించారు.