పూలజడ ఫోటో: అద్దంలో ఫ్లాష్ పడుతోంది, జడ మసగ్గా వస్తోంది (సమాధానం)

అమలాపురం మిత్రులకు, పిల్ల ముఖం కెమెరా వైపూ, పూలజడ వెనక అద్దంలోనూ కనబడేలా తీసే ఫోటోలో ఫ్లాష్ అద్దంలో పడుతోందనీ, జడ మసగ్గా వస్తోందనీ, ముక్కుకి రెండు నీడలు పడుతున్నాయనీ అడిగారు. మీరు రెండు సాఫ్ట్‌బాక్సులూ (వెలుగు మెత్తబడేలా ముందు తెల్లగుడ్డ కట్టిన ఫ్లాష్ లైట్లు) చెరోపక్క సమానంగా పెట్టి కొడుతున్నారు. ఇబ్బంది అక్కడే అండి.

పిల్ల వెనక అద్దం, కెమెరా నుంచి చూస్తే, ఎడమన ఉంటే, కెమెరాకి అందులో కనబడేది జడా, దాని అవతలున్న మీ గది కుడి ముందు భాగమూ. అందుకే కుడి లైటు దొరికిపోతోంది. దాన్ని తీసేసి అటు నల్లగుడ్డ కట్టండి. మెయిన్ లైటు అద్దం ఉన్న వైపే, పిల్లకి ఎదుటి నుంచి 45 డిగ్రీలు పక్కగా, పిల్ల కంటికంటే అడుగు పైన, పిల్లకి 4 అడుగుల్లో చాలు. ముక్కుకి చెరోపక్క పడే జంట నీడ పోయి, ఒక్క నీడే మిగులుతుంది.

ఇక జడ. రెండో లైటుని అద్దం పైన, ఫ్రేములో పడకుండా ఎత్తులో పెట్టి జడ మీదికి దించండి. పవర్ మెయిన్ కంటే ఒక స్టాప్ తక్కువ (అంటే సగం) ఉండాలి, లేకపోతే మల్లెలు సున్నం ముద్దలా తెల్లబోతాయి.

మసకకి కారణం లెన్స్ కాదు. ప్రతిబింబం దూరమంటే కెమెరా నుంచి అద్దానికీ, అక్కణ్ణుంచి జడకీ కలిపిన దూరం. లెన్స్ రంధ్రం బాగా తెరుచుకునే ఎఫ్ 2.8 లో ముఖంతో పాటు అంత దూరం ఫోకస్‌కి ఎలాగూ అందదు. రంధ్రం చిన్నదయ్యే ఎఫ్ 11 పెట్టి, అద్దాన్ని పిల్లకి 2 అడుగుల దాకా జరిపి, ఫోకస్ కంటి మీదే ఉంచండి. అప్పటికీ జడ కాస్త మెత్తగానే వస్తుంది, ఫరవాలేదు.

భుజాలు కొద్దిగా పక్కకి, గడ్డం కాస్త ముందుకీ కిందికీ. తల మరీ తిప్పిస్తే మెడ మీద ముడతలు పడతాయి. మన ఉక్కపోతకి ముఖం మెరిస్తే పౌడర్ మీద పౌడర్ వద్దు, టిష్యూతో అద్దితే సరి.