సీటీసీలో ఏముంటుంది?

ప్రశ్న: బెంగళూరులోని ఒక కమ్యూనికేషన్స్ సంస్థ (ఇతర కంపెనీల ప్రచార వ్యవహారాలు చూసేది) నాకు తిరుపతిలో ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగం ఇస్తానంటోంది. ఏడాదికి 6 లక్షల సీటీసీ (కాస్ట్ టు కంపెనీ, అంటే ఉద్యోగిపై సంస్థ పెట్టే మొత్తం ఖర్చు), జిమ్ ఖర్చు, పుట్టినరోజు సెలవు, బ్రహ్మోత్సవాలకు రెండు రోజుల సెలవు ఇస్తారట. చేరవచ్చునా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: గరుడ సేవ నాడు సెలవు దొరకడం మన ఊరివారికి చిన్న విషయం కాదని ఒప్పుకుంటూనే, ముందుగా సీటీసీని విడదీసి రాసిన కాగితం అడగమని చెబుతాను. యజమాని వాటాగా చెల్లించే 12 శాతం భవిష్యనిధి, గ్రాట్యుటీ కేటాయింపు, ఆరోగ్య బీమా ప్రీమియం సాధారణంగా ఆ 6 లక్షల్లోనే కలిపి చూపుతారు కనుక, నెలకు 50 వేలు చేతికి వస్తాయనుకుంటే పొరపాటే. బీమాలో అమ్మానాన్నలకు చోటుందా అన్నది జిమ్ కంటే ముఖ్యం. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసినవారికి, మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుంచి చట్టం ఇస్తున్న హక్కు. దాన్ని తమ ఔదార్యంగా చెప్పుకుంటే నవ్వి ఊరుకోండి. ఈ రంగంలో అసలు చిక్కు రాత్రివేళలది. ప్రెస్ నోట్‌లో ఒక్క పేరా మార్చమని క్లయింటు రాత్రి పదింటికి వాట్సాప్ పెడతాడు, ఆ ఒక్క పేరా పన్నెండు దాకా సాగుతుంది. ఆ గంటలకు బదులు సెలవు ఇస్తారా అని మెయిల్‌లోనే అడిగి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.