వయసు చూసేది కొనేవాళ్లకి, తిన్నది మా నాన్న

"టెక్సాస్‌లో గంజాయి జాతి మొక్క హెంప్‌తో చేసే గమ్మీలు (జెల్లీ మిఠాయిలు), డ్రింకుల మీద కొత్త నిబంధనలు తెస్తున్నారు కదా, 21 ఏళ్లు నిండినవాళ్లకే అమ్మితే చాలదా, ఇంకా ఏం కావాలి?" అని ఒకరు అడిగారు.

చాలదు. మా నాన్నకి 68 ఏళ్లు.

మేము డాలస్ పక్కన ఉంటాం. 2025 జూన్‌కి నాన్న బాపట్ల నుంచి వచ్చి మూడు వారాలైంది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. షుగరు ఉంది, మాత్ర వేసుకుంటారు. పగలంతా ఎండకి బయటికి వెళ్లలేరు కాబట్టి రాత్రి ఎనిమిదింటికి, ఇంకా వెలుతురు ఉండగానే నడకకి వెళ్లేవారు. ఆ రోజు తిరిగొచ్చేసరికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. షుగరు పడిపోయిందని ఆయనకే అర్థమైంది. అలాంటప్పుడు వెంటనే ఏదైనా తీపి నోట్లో వేసుకోమని ఊళ్లో డాక్టరు చెప్పి పంపారు. నేను మేడ మీద బాబుని పడుకోబెడుతున్నాను. ఫ్రిజ్ తలుపు అరలో, అల్లం పచ్చడి సీసా పక్కన, మామిడిపండు బొమ్మతో ఒక ప్యాకెట్ కనబడింది. మూడు తిన్నారు.

అది మా ఆయన తెచ్చుకున్నది. రాత్రి ఒంటిగంట దాకా ఇండియా కాల్స్, ఆ తర్వాత నిద్ర పట్టదు. గ్యాస్ స్టేషన్ కౌంటర్లో అబ్బాయి "హెంప్ అండీ, లీగలే, నిద్రకి బాగుంటుంది" అన్నాడట. ఈయన సగం ముక్క తిని పడుకునేవారు. నాకు మాత్రం నిద్రకి వాడే విటమిన్ లాంటిదని చెప్పారు.

గంట దాకా ఏమీ లేదు. నాన్న పెరుగన్నం తిని టీవీ ముందు కూర్చున్నారు. తొమ్మిదిన్నరకి "అమ్మాయ్, టైమెంతయింది?" అన్నారు. చెప్పాను. రెండు నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. ఐదారుసార్లు అడిగాక దగ్గరికెళ్లి మొహం చూశాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదాలు ఎండిపోయాయి, సోఫా అంచుని రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. "నేల జారిపోతోందమ్మా, నన్ను పట్టుకో" అన్నారు. గుండె దడదడా కొట్టుకుంటోంది. షుగరు చూస్తే 148, పడిపోలేదు. పక్షవాతమేమోనని 911కి ఫోన్ చేశాం.

ఎమర్జెన్సీలో ఇసిజి, తలకి స్కాన్, రక్త పరీక్షలు. నాన్న మధ్యమధ్యలో ఎప్పుడో పోయిన మా నాయనమ్మని పిలుస్తున్నారు. డాక్టరమ్మ "ఇంట్లో గమ్మీలు ఏమైనా ఉన్నాయా, తిన్నారా?" అని అడిగింది. లేవన్నాను. మా ఆయన నోరు విప్పలేదు. ఇరవై నిమిషాల తర్వాత నన్ను పక్కకి పిలిచి చెప్పారు. డాక్టరమ్మ అడగ్గానే అనుమానం వచ్చిందట. కానీ మేమేమో హెచ్1బి మీద ఉన్నాం, గ్రీన్ కార్డు ఫైలు నడుస్తోంది, నాన్నది విజిటర్ వీసా. గంజాయి అన్న మాట ఏ కాగితం మీద పడితే ఏం ముంచుకొస్తుందోనని టెన్షన్. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, కానీ ఈ దేశంలో మనవాళ్లు ఎంత భయంతో బతుకుతారో తెలిసినదాన్ని కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయలేను. డాక్టరమ్మ మాత్రం "మేము పోలీసులం కాదు, ఎంత తిన్నారో చెప్పండి చాలు" అంది.

మా ఆయన ఇంటికెళ్లి ప్యాకెట్ ఫొటో తీసి పంపారు. ముందు వైపు పెద్ద అక్షరాల్లో టిహెచ్‌సి, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థం, 300 మిల్లీగ్రాములు. వెనక, ఫోన్లో పెద్దది చేసి చూస్తే గానీ కనబడని అక్షరాల్లో, 20 ముక్కలు. అంటే ముక్కకి 15, మూడింటికి 45. అమెరికాలో పరిశోధనలకి ఒక ప్రామాణిక మోతాదుగా తీసుకునేది 5 మిల్లీగ్రాములు. పొగ తాగితే వెంటనే తెలుస్తుంది, తింటే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. అందుకే పెరుగన్నం తినేటప్పుడు బాగానే ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి మనిషి కుదుటపడ్డారు.

ఇది చట్టం ప్రకారం అమ్మిన సరుకే, దొంగ సరుకు కాదు. 2018లో అమెరికా చేసిన వ్యవసాయ చట్టంలో (ఫార్మ్ బిల్లు), ఎండిన బరువులో డెల్టా-9 అనే రకం టిహెచ్‌సి 0.3 శాతం దాటకపోతే హెంప్, దాటితే గంజాయి అని గీత గీశారు. 2019లో టెక్సాస్ కూడా అదే గీత పెట్టుకుంది. మొక్కకి ఆ లెక్క సరిపోతుంది. 5 గ్రాముల గమ్మీలో 0.3 శాతమంటే సరిగ్గా 15 మిల్లీగ్రాములు. చక్కెర, జెలటిన్ వేసి బరువు పెంచితే శాతం దాటకుండానే కావలసినంత మత్తు పెట్టొచ్చు. నాన్నకి ఇది చెబితే పాత కవరు వెనక లెక్క వేసి చూసుకుని, "ఏడో తరగతి పిల్లాడికి తెలిసే శాతాలమ్మా ఇవి, చట్టం రాసినవాళ్లకి తెలియలేదా?" అన్నారు.

మన తెలుగు వార్తల్లో హెంప్‌ని "జనపనార" అని రాయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మన పొలాల్లో వేసే జనుము వేరే మొక్క, దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇది గంజాయి జాతి. జనపనార అని చదివిన పెద్దవాళ్లు గోనెసంచీల గురించి అనుకోరా? ఇక మా పార్టీల్లో "ఉత్తరాదిలో శివరాత్రికి భంగు తాగరా ఏంటి" అనేవాళ్లు ఉంటారు. భంగు తాగేవాడికి తాను తాగేది భంగు అని తెలుసు. మా నాన్నకి తెలియదు.

నాన్న ఆస్పత్రిలో ఉన్న వారమే, జూన్ 22 రాత్రి, టెక్సాస్ గవర్నర్ అబాట్ ఈ హెంప్ సరుకుల పూర్తి నిషేధం బిల్లుని వీటో చేశారు. లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ పట్టుబట్టి సెనేట్లో నెగ్గించిన బిల్లు అది. అప్పుడు నాకు మంట పుట్టింది. ఇప్పుడు ఆలోచిస్తే వీటో సరైనదే అనిపిస్తుంది. నిషేధిస్తే ఇదే గమ్మీ లేబుల్ కూడా లేకుండా పార్కింగ్ లాట్లలో చేతులు మారుతుంది. సెప్టెంబరులో 21 ఏళ్ల నిబంధన పెట్టి ఐడీ చూడమన్నారు, మంచిదే. డిసెంబరులో వచ్చిన ప్రతిపాదనలో ఇవి అమ్మే షాపు రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 150 డాలర్ల నుంచి 20,000కి పెంచాలన్నారు. గ్యాస్ స్టేషన్ నడిపే మనవాళ్లు కొందరు దీని మీద గగ్గోలు పెట్టారు. వాళ్లు అమ్మడం మానేస్తే నాకు బాధేం లేదు. కానీ 20,000 కట్టగలిగిన పెద్ద షాపులో కొన్న గమ్మీ కూడా ఇంటికొచ్చాక మామిడిపండు చాక్లెట్‌లాగే ఉంటుంది కదా!

నిబంధన షాపు గుమ్మం దగ్గర ఆగిపోకూడదు, ముక్కతో పాటు మా ఫ్రిజ్ దాకా రావాలి. కొలరాడో రాష్ట్రంలో 2016 నుంచే ప్రతి ముక్క మీదా టిహెచ్‌సి ముద్ర ఉండాలన్నారు. 2017 నుంచి పండ్లు, జంతువుల ఆకారాల్లో చేయకూడదన్నారు. అక్కడ గంజాయి బాహాటంగా అమ్ముతారు, అయినా ఈ జాగ్రత్త ఉంది. నాన్న తిన్ననాటికి ఇక్కడ హెంప్ అన్న పేరు చాటున అదీ లేదు. పిల్లలకీ ముసలివాళ్లకీ తెరవడం రాని డబ్బా, ముక్కకి ఎంతో ముందు వైపే పెద్ద అక్షరాల్లో, ముక్క మీద ముద్ర, పండు బొమ్మ లేకపోవడం. ఇవి పెట్టి ఆ తర్వాత ఫీజు ఎంతైనా పెట్టుకోండి. 2025 నవంబరులో అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా ఒక డబ్బాకి మొత్తం టిహెచ్‌సి 0.4 మిల్లీగ్రాములు మించకూడదని చట్టం చేసింది, కానీ అమలుకి ఏడాది గడువు ఇచ్చింది. మా ప్యాకెట్‌లో ఉన్నది 300.

నాన్న ఇంకో నాలుగు నెలలు ఉన్నారు. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఫ్రిజ్ తనంతట తాను తెరవలేదు. మా అత్తగారు పంపిన నువ్వులుండ చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, ఇది తినొచ్చా?" అని అడిగేవారు.

అమ్మానాన్నల్ని పిలిపించుకుంటున్నవాళ్లు ఇలాంటివి ఇంట్లో ఉంటే ఈ రోజే తాళం వేసిన పెట్టెలో పెట్టండి. పొరపాటున ఏదైనా హానికరమైనది తింటే సలహా చెప్పే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222 ఫ్రిజ్ మీద అంటించండి, డబ్బులేమీ అడగరు. ఆస్పత్రిలో గమ్మీల గురించి అడిగితే మొదటిసారే నిజం చెప్పండి.