తమ్ముడు లెక్క అడిగితే అవమానమా?

హైదరాబాద్ నుంచి ఉత్తరం రాసిన గిటారిస్టు గారికి,

మీరు, మీ తమ్ముడు, ఇద్దరు ఇంజినీరింగ్ కాలేజీ మిత్రులు కలిసి పెట్టుకున్న రాక్ బ్యాండ్‌కు యూట్యూబ్‌లో ఒక్క పాటతో పేరొచ్చిందనీ, ఇప్పుడు కచేరీల అడ్వాన్సులన్నీ మీ ఖాతాలోనే పడుతున్నాయనీ, వాటికి తమ్ముడు లెక్క అడిగిన నాటి నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవనీ రాశారు. బ్యాండ్ పేరును మీ పేరిట రిజిస్టర్ చేయించుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. ట్రేడ్‌మార్క్ సంగతి న్యాయవాదిని అడగండి. తమ్ముణ్ణి కాగితం చూపించి దారికి తెచ్చుకోవాలనుకుంటే మాత్రం నా దగ్గర సలహా లేదు.

మీ ఉత్తరంలో డబ్బు గురించి రెండు పేజీలున్నాయి, విశాఖ కచేరీ గురించి నాలుగే వాక్యాలున్నాయి. తమ్ముడితో సెల్ఫీల కోసం ఎగబడిన కుర్రాళ్లలో ఒకడు, గిటార్ ఇంకా భుజాన ఉన్న మీ చేతికే ఫోన్ ఇచ్చి, "అన్నా, ఒక ఫొటో తియ్యవా" అన్నాడు. మీరు తీసి ఇచ్చారు. లెక్కల గొడవ ఆ తర్వాతి వారమే మొదలైంది. తొలి రోజుల్లో పాడింది మీరు. పాట తమ్ముడి గొంతులో బాగుంటుందని మైకు అప్పగించిందీ మీరే. ఆ సంగతి అతను మరిచిపోయాడన్న మీ బాధలో న్యాయం ఉంది. దానికి బదులుగా బ్యాంకు ఖాతాను గుప్పిట్లో పెట్టుకుని పెద్దరికం చూపించడంలో న్యాయం లేదు.

అమెరికన్ రాక్ బ్యాండ్ క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ కథ మీకు తెలిసే ఉంటుంది. కాలిఫోర్నియాలో కుర్రాళ్లుగా మొదలుపెట్టినప్పుడు ముందు నిలబడి పాడింది అన్న టామ్ ఫోగర్టీ. పోనుపోను రాయడం, పాడటం, నిర్ణయించడం అన్నీ తమ్ముడు జాన్ చేతిలోకి వెళ్లాయి. 1969లో ఒక్క ఏడాదిలోనే మూడు ఆల్బమ్‌లు తెచ్చిన ఆ బృందం నుంచి, తన పాటకు చోటు దొరకని అన్న 1971లో తప్పుకున్నాడు; మరుసటి ఏడాది బృందమే విడిపోయింది. 1990లో టామ్ కన్నుమూసేనాటికి కూడా అన్నదమ్ములకు సరిగా పొసగలేదు. అక్కడ పట్టు బిగించినవాడు తమ్ముడు, మీ ఇంట్లో మీరు.

అన్న మీద గౌరవం ఉన్నవాడు లెక్క అడగకూడదన్న మాటను నేను ఒప్పుకోను. అడగకుండానే చూపించడం పెద్దవాడి బాధ్యత, అందులోనూ ఆ డబ్బులో మరో ఇద్దరి కష్టం కూడా ఉన్నప్పుడు. అమ్మగారేమో "చిన్నవాడు, నువ్వే సర్దుకుపో" అని మీతో, "పెద్దవాడికి ఎదురు చెప్పకు" అని అతనితో అంటున్నారు. ఆవిడ ఉద్దేశం మంచిదే, కానీ అసలు మాట ఇద్దరి కడుపులోనూ అలాగే ఉండిపోయింది.

ముందు ప్రతి అడ్వాన్సుకూ లెక్క రాసి నలుగురి ముందూ పెట్టండి, బ్యాండ్‌కు వేరే ఖాతా తెరవండి. బాణీలన్నీ మీవేనంటున్నారు కాబట్టి ఏ పాటకు మాటలు ఎవరివో, బాణీ ఎవరిదో రాసుకుని నలుగురూ సంతకాలు చేసి, పాటల రచయితలకూ, స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసి పెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో నమోదు చేయించండి. 2012 కాపీరైట్ సవరణతో పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ రాయల్టీ హక్కు గట్టిపడింది. మీకు రావలసిన పేరు ఆ దారిలో అడిగి తీసుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. పోస్టర్ మీద నలుగురి బొమ్మలూ ఉండాలని కూడా తమ్ముడికి సూటిగా చెప్పండి. ఆ రోజు అమ్మగారిని మాత్రం మధ్యవర్తిగా కూర్చోబెట్టకండి. ఆవిడ మళ్లీ ఇద్దరినీ ఊరుకోబెట్టి పంపేస్తారు.